గట్టెక్కగానే ఆగిపోయే వైపర్లు: ముందు గొట్టం, తర్వాతే మోటారు

1951 షెవర్లే లారీకి వానలో వైపర్లు నీరసంగా ఊగుతున్నాయని, ఏటిగట్టు ఎక్కేటప్పుడు పూర్తిగా ఆగిపోతున్నాయని అడిగారు కదండీ. అవి వాక్యూమ్ వైపర్లు, అంటే కరెంటుతో కాక ఇంజిన్ గాలి పీల్పుతో నడిచేవి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది కాబట్టి గట్టు మీద నెమ్మదించడం వాటి నైజం. ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడిచేటప్పుడు) కూడా నీరసమంటే మాత్రం లీకైనా ఉండాలి, ఎక్కడో పట్టేసైనా ఉండాలి.

మోటారు దగ్గర హోస్ పీకి వాక్యూమ్ గేజీ పెట్టండి. ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలత) వాక్యూమ్ చూపాలి. తక్కువుంటే మానిఫోల్డ్ దగ్గర చూడండి. అక్కడ బాగుంటే లోపం గొట్టానిదే. అక్కడా తక్కువైతే వైపర్లు వదిలేసి ఇంజిన్ సంగతి చూడాలి. కొత్త గొట్టం మందపాటి వాక్యూమ్ హోసే వేయండి. మెత్తటి ప్లాస్టిక్ ట్యూబు వేడికి లోపలికి నొక్కుకుపోతుంది.

గేజీ బాగుంటే మోటారును బ్లేడు కడ్డీలకు కలిపే లింకులు విప్పి, బ్లేడు కడ్డీల ఇరుసులు చేత్తో తిప్పండి. కోనసీమ ఉప్పుగాలికి ముందు పట్టేసేవి అవే! తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా ఉంచి, వేళ్లతో సులువుగా తిరిగేదాకా ఆడించాలి. అవీ బాగుంటే మోటారులో పీల్పుకు ఊగే రెక్క (ప్యాడిల్) ఎండిపోయి ఉంటుంది. హోస్ తగిలించే రంధ్రంలో కుట్టుమిషన్ నూనె కొన్ని చుక్కలు వేసి, ఇరుసును నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. పెట్రోలు మాత్రం పోయొద్దు, ఉన్న జిడ్డు కూడా పోతుంది.

12 వోల్టుల ఎలక్ట్రిక్ మోటారు బిగిద్దామంటే, ఈ బండి కంపెనీ నుంచి వచ్చింది 6 వోల్టులతోనండి, అది నేరుగా సరిపోదు. పరీక్ష ఎప్పుడూ అద్దం తడిపే చేయండి.