మచ్‌బూస్ ఎందుకు చేదెక్కింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డిసెంబరులో దుబాయ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అరబ్బు వంటల ఫుడ్ టూర్లు చాలా ఉన్నాయట. ఏది ఎంచుకోవాలి? మా అత్తగారు శాకాహారి.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

డబ్బు కట్టేముందు టూరు వాళ్ళను ఒక్క మాట అడగండి: 'మీరు తినిపించేవాటిలో ఎమిరాతీ (యూఏఈ స్థానికుల) వంటకాలు ఎన్ని?' అక్కడ అరబ్బు భోజనం పేరుతో ఎక్కువగా దొరికే హమ్ముస్, ఫలాఫిల్, షవర్మా అన్నీ లెబనాన్, సిరియా, పాలస్తీనా, ఈజిప్టు వైపు నుంచి వచ్చినవే. రుచికి వంక పెట్టలేం గానీ, స్థానికుల ఇళ్ళలో పొయ్యి మీద ఉండేవి వేరు. మచ్‌బూస్ (మాంసం రసంలో ఉడికిన మసాలా అన్నం), హరీస్ (మాంసంతో మెదిపిన గోధుమ), తరీద్ (కూరలో నానిన రొట్టె), సలూనా (పల్చటి మసాలా కూర), బలాలీత్ (తీపి సేమియా) లాంటి పేర్లు జాబితాలో కనీసం రెండు మూడైనా లేకపోతే అది పాత బజార్ల పేట డేరా వీధుల టిఫిన్ల టూరనుకోండి. దానికీ వెళ్ళొచ్చు, తెలిసి వెళ్ళండి.

ఎమిరాతీ భోజనమే కావాలంటే అల్ ఫహీదీ పాతబస్తీలోని షేక్ మొహమ్మద్ సెంటర్ ఫర్ కల్చరల్ అండర్‌స్టాండింగ్‌లో ముందుగా బుక్ చేసుకోండి. అక్కడ కింద కూర్చోబెట్టి వడ్డిస్తారు, ఏ సందేహమైనా అడగనిస్తారు. భోంచేసి క్రీక్ (ఊరి మధ్యలోకి వచ్చే సముద్రపు పాయ) ఒడ్డుకు నడిస్తే ఒక దిర్హమ్‌కు అబ్రా పడవ అవతలి డేరా ఒడ్డున దింపుతుంది. మసాలా బజారు అక్కడే. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు చాలా దుకాణాలు మూస్తారు కాబట్టి ఆ పూట పెట్టుకోకండి. సాయంత్రం నడక టూరు ఉంటే మధ్యాహ్నం కడుపు నిండా తినకండి. మూడో దుకాణానికే చేతులెత్తేసేవాళ్ళు ఎక్కువ.

అత్తగారి విషయంలో 'మాంసం వద్దు' అంటే సరిపోదు. మచ్‌బూస్‌లో ముక్క తీసేసినా అన్నం ఉడికింది మాంసం రసంలోనే. హరీస్‌లో మాంసం గోధుమలో కలిసిపోయి కంటికి కూడా కనబడదు. బలాలీత్ తీపి సేమియానే, కానీ పైన ఆమ్లెట్ పరుస్తారు. పల్చటి రిగాగ్ రొట్టె మీద రాసే మహ్యావా చేపలను పులియబెట్టి చేసే చట్నీ లాంటిది. మాంసం రసం, చేప, గుడ్డు అని విడివిడిగా చెప్పండి. ఆమ్లెట్ లేని బలాలీత్, చీజ్ మాత్రమే పెట్టిన రిగాగ్ అడగొచ్చు.

ప్రశ్న: వంట క్లాసుకు వెళ్తే అంతా వాళ్ళే వండారు, మేం చూసి తిని వచ్చాం. మంచి క్లాసును ఎలా గుర్తుపట్టాలి?
– ఒక పాఠకుడు, నిజామాబాద్ (ప్రస్తుతం షార్జా)

ఒక్కో పొయ్యికి ఎంతమంది అని అడగండి. ఇద్దరు ముగ్గురు మించితే మీ చేతికి గరిటె రాదు. రెండోది, బెజార్ మసాలా అక్కడే వేయించి దంచుతారా, పొడి డబ్బా తెచ్చి పెడతారా? ధనియాలు, జీలకర్ర, సోంపు, మిరియాలు, దాల్చినచెక్క, ఎండుమిర్చి విడివిడిగా దోరగా వేయించి, పసుపు మాత్రం వేయించకుండా కలపడం నేర్చుకుంటే సగం ఎమిరాతీ వంట వచ్చినట్టే. ఇక 'రెండు గంటల్లో హరీస్' అంటే నమ్మకండి. రాత్రంతా నానిన గోధుమ, మాంసంతో కలిసి గంటల తరబడి సన్నని సెగ మీద ఉడకాలి, ఆపైన మెదపాలి. క్లాసులో అది ముందే ఉడికించి ఉంచిందే అయ్యుంటుంది.

ప్రశ్న: క్లాసులో నేర్చుకున్న చికెన్ మచ్‌బూస్ ఇంట్లో చేస్తే చేదుగా, ముద్దగా వచ్చింది. కొలతలు అవే వేశాను.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

చేదు దాదాపుగా లూమీ వల్లే. లూమీ అంటే ఉప్పునీళ్ళలో ఉడికించి ఎండబెట్టిన నిమ్మకాయ. దాని గింజల్లోనే చేదంతా ఉంటుంది. కాయను కొద్దిగా చిదిమి గింజలు దులిపేసి వేయాలి. గరిటెతో నొక్కకూడదు. కిలో చికెన్‌కు రెండు కాయలు చాలు, అంతకు మించితే పులుపు పోయి వగరు మిగులుతుంది. మటన్‌తో చేసేటప్పుడు మొదట్లోనే వేసి గంటన్నర ఉడికిస్తే ఎంత మంచి కాయైనా చేదెక్కుతుంది. చివరి అరగంటలో వేయండి. నల్లగా ఉన్నవి ఘాటు, లేత గోధుమరంగువి మెత్తని పులుపు. కొత్తగా చేసేవాళ్ళు లేతరంగువి కొనండి. చేతిలో తేలికగా ఉండి, ఆడిస్తే గింజలు గలగలమనాలి.

ముద్దవడానికి కారణం నీళ్ళు. కొలత నీళ్ళు ముందే పోసి బియ్యం వేసుంటారు. టమాటా, ఉల్లి, చికెన్ వదిలే నీటిని లెక్కలో వేసి ఉండరు. ఇలా చేయండి. నెయ్యిలో మూడు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, వెల్లుల్లి, రెండు చెంచాల బెజార్, రెండు టమాటాలు వేసి మగ్గనివ్వండి. పెద్ద ముక్కలుగా కోసిన కిలో చికెన్, లూమీ, ఉప్పు, ఐదు గ్లాసుల నీళ్ళు వేసి 35 నిమిషాలు ఉడికించండి. ఇప్పుడు ముక్కలు తీసి పక్కన పెట్టి, రసాన్ని గ్లాసుతో కొలవండి. అరగంట నానబెట్టిన బాస్మతికి గ్లాసుకు గ్లాసున్నర చొప్పున ఉంచండి (బియ్యం కొలత నానకముందుది). రెండు గ్లాసుల బియ్యానికి మూడు గ్లాసుల రసం. మిగిలింది సలూనాలోకి పనికొస్తుంది. రసం నాలుకకు ఒక పిసరు ఉప్పగా ఉండాలి, లేకపోతే అన్నం చప్పిడి. రసంలో బియ్యం వేసి, పెద్ద మంట మీద రసం బియ్యం మట్టానికి ఇంకగానే మూత బిగించి సన్నని సెగ మీద 15 నిమిషాలు, దించాక 10 నిమిషాలు. మధ్యలో కలిపితే గింజ విరుగుతుంది. పక్కన పెట్టిన ముక్కలకు నెయ్యి, నానబెట్టిన కుంకుమపువ్వు రాసి పెనం మీద ఎర్రగా కాల్చి అన్నం మీద పెట్టండి.

ప్రశ్న: లుఖైమాత్ (పాకం పోసే చిన్న తీపి బోండాలు) పైన మాడి, లోపల పచ్చిగా ఉంటున్నాయి.
– ఒక పాఠకురాలు, కడప

నూనె మరీ కాగింది. 170 డిగ్రీలు చాలు. పిండి చుక్క వేస్తే నెమ్మదిగా పైకి రావాలి. రెండు కప్పుల మైదా, రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, చిన్న చెంచా ఈస్ట్, పెద్ద చెంచా చక్కెర, కొంచెం యాలకుల పొడి, సుమారు కప్పుంపావు గోరువెచ్చని నీళ్ళు. గంట పొంగాక, మైసూరు బోండా వేసినట్టే తడిచేత్తో పిండి పిడికిట నొక్కి చిన్నవిగా వదలండి. నిమ్మకాయంత వేస్తే లోపల ఉడకదు. ఖర్జూరం పాకం వడ్డించే ముందే పోయాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో తినే మండీ, హరీస్ అసలైన అరబ్బు వంటలేనా? దుబాయ్ నుంచి ఏం కొనుక్కురావాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

మండీ యెమెన్‌లోని హద్రమౌత్ వంట. నేలలో తవ్విన తందూరులో మాంసం పైన వేలాడుతుంటే కింది అన్నంలోకి కొవ్వు కారాలి. మన హోటళ్ళలో చాలాచోట్ల మాంసం, అన్నం వేర్వేరుగా వండి కలిపేస్తారు. హైదరాబాద్‌లో అసలుకు దగ్గరగా దొరికేది బార్కస్ ప్రాంతంలో. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల వారసులు అక్కడ ఉన్నారు, వాళ్ళ హరీస్‌లో గోధుమ, మాంసం, నెయ్యే ప్రధానం. పప్పులు, మసాలాలు చేరి అది మన హలీమ్ అయింది, దానికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గల్ఫ్ హరీస్‌ను 2023లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

లూమీ, బెజార్, ఖర్జూరం పాకం తెచ్చుకోండి. కుంకుమపువ్వు ధర తగ్గించి ఇస్తున్నాడంటే రెండు పోగులు నీళ్ళలో వేసి చూడండి. వెంటనే ఎర్రరంగు దిగితే రంగు వేసిన సరుకు. అసలుది మెల్లగా పసుపు దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. వెళ్ళేటప్పుడు మాత్రం మీ మసాలా సంచిలో గసగసాలు లేకుండా చూసుకోండి. యూఏఈలో వాటిని మాదకద్రవ్యాల కిందే లెక్కిస్తారు, గుప్పెడు దొరికినా విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.