రోజూ నడిస్తే గుండె, ఊపిరితిత్తులు నిజంగా బలపడతాయా?

నలభై ఐదేళ్ల వయసు, కూర్చుని చేసే ఉద్యోగం, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, అలిపిరి మెట్లు ఎక్కి వస్తానన్న మొక్కు. రోజూ నడిస్తే గుండె, ఊపిరితిత్తులు బలపడతాయా, బరువు తగ్గడం వరకేనా అని అడిగారు. బలపడతాయండి. నా విషయంలో అన్నిటికన్నా ఆలస్యంగా, తక్కువగా మారింది బరువే. కాబట్టి బరువు చూసుకునే యంత్రాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి నాడి చూసుకోండి.

నేను బ్యాంకు ఉద్యోగిని. రక్తపోటు హద్దు మీద ఉందని డాక్టరు చెప్పిన తర్వాత ఉదయపు నడక మొదలుపెట్టాను. లేవగానే, కాఫీ తాగక ముందే, మణికట్టు దగ్గర నాడి చూసి పుస్తకంలో రాసుకునేవాడిని. మొదట్లో నిమిషానికి 80 దాటేది. కొన్ని నెలలకు 70 లోపుకు వచ్చింది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపాలి. క్రమంగా శ్రమ అలవాటైన గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపుతుంది, అందువల్ల అదే పని తక్కువ స్పందనలతో పూర్తవుతుంది. నిమిషానికి పన్నెండు తగ్గినా విశ్రాంతిగా ఉన్న ప్రతి గంటలో 720 స్పందనలు మిగిలినట్టే. ఒక హెచ్చరిక: రక్తపోటు, గుండె జబ్బులకు ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి మందువల్లే నాడి నెమ్మదిస్తుంది, వారికి ఈ లెక్క పనికిరాదు.

ఊపిరితిత్తుల సంగతి వేరు. నడకతో అవి పెద్దవి కావు. పెద్దవారిలో వాటి పరిమాణం దాదాపు అంతే ఉంటుంది. ఊపిరి పీల్చే కండరాలు కొంత బలపడతాయి. అసలు మార్పు కాళ్లలో వస్తుంది. తొడ, పిక్క కండరాల్లో సన్నని రక్తనాళాలు, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరిగి, రక్తం తెచ్చిన ఆక్సిజన్‌ను ఎక్కువగా వాడుకుంటాయి. అప్పుడు అవే మెట్లకు అంత గాలి పీల్చాల్సిన అవసరం ఉండదు. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి ఉన్నవారికి ఊపిరితిత్తులు కోలుకోకపోయినా వ్యాయామ శిక్షణతో ఆయాసం తగ్గడానికి ప్రధాన కారణం ఇదే.

ఈ వయసులో మొదలుపెడితే ఏం లాభం అనిపిస్తే డల్లాస్ పరిశోధన గురించి తెలుసుకోండి. నన్ను ఇంతగా కదిలించిన వైద్య పరిశోధన మరొకటి లేదు. 1966లో అమెరికాలోని ఆ నగరంలో ఇరవై ఏళ్ల యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వారి శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి బాగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత, యాభయ్యో పడిలో, ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షించారు. మూడు దశాబ్దాల వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది. తర్వాత నడక, నెమ్మది పరుగు, సైకిల్‌తో ఆరు నెలలు క్రమంగా శిక్షణ ఇస్తే, పడకకు ముందు ఇరవై ఏళ్లప్పుడు ఉన్న స్థాయికి సగటున తిరిగి చేరారు. అదీ ప్రధానంగా కండరాలు ఆక్సిజన్‌ను ఎక్కువగా తీసుకోవడం వల్లే. ఆ 30 ఏళ్లలో పెరిగిన బరువులో తగ్గింది కొద్ది భాగమే! ఐదుగురితో చేసిన చిన్న పరిశోధన, నిజమే. అయినా మీ వయసు వారికి ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి?

ఎంత నడవాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, వారంలో రెండు రోజులైనా కండరాల బలం పెంచే కసరత్తు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. రాత్రి భోజనం తర్వాత కాసేపు నడవడం కూడా మంచిదే. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. నా రక్తపోటు కూడా కొంత దిగింది. మీరు మాత్ర వాడుతుంటే సొంతంగా మాత్రం ఆపకండి.

ఇక అలిపిరి. మొత్తం 3,550 మెట్లని చెబుతారు. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, ఆ తర్వాత చాలా దూరం తేలిక, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ పరీక్ష పెడుతుంది. చదునైన పార్కు నడక ఒక్కటే దీనికి చాలదు. నడక తేలికైన తర్వాత వారంలో కొన్ని రోజులు మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కండి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు కాలినడకన రావద్దని దేవస్థానమే చెబుతుంటుంది. మీకు ఇప్పుడే ఆయాసం ఉంది కాబట్టి ముందు డాక్టరును కలిసి రక్తపోటు, ఈసీజీ చూపించుకోండి. ఎక్కేటప్పుడు ఛాతీ బరువెక్కినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లని చెమటలు పట్టినా అక్కడే కూర్చుని సాయం అడగండి, 108కి ఫోను చేయించండి. మొక్కు మరోసారి తీర్చుకోవచ్చు.

తెల్లవారుజామున బయలుదేరండి, ఎండ ఎక్కక ముందే గాలిగోపురం దాటవచ్చు. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి బస్సులో దిగండి.