ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్: ఆరు నెలల లెక్క, డాలర్ల లెక్క

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగం. సరదాకి ప్రైవేట్ పైలట్ లైసెన్సు, దాని మీద బయటేమీ కనబడకపోయినా పరికరాలు చూసి ఎగరడానికి అనుమతిచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ తెచ్చుకున్నాను. దీన్ని ఎన్నాళ్లకోసారి రెన్యూ చేయించాలి? ఎంతవుతుంది?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రెన్యూవల్ మాట మరిచిపో. యూరప్‌లో అయితే ఏడాదికోసారి పరీక్ష ఇచ్చి పొడిగించుకోవాలి. అమెరికాలో రేటింగ్‌కి గడువు లేదు, గడువల్లా నీ ప్రాక్టీసుకే. రూలు ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) 61.57లో ఉంది, తీసి చదువుకో. గడిచిన ఆరు క్యాలెండర్ నెలల్లో ఆరు అప్రోచ్‌లు (పరికరాల సాయంతో రన్‌వే వైపు దిగడం), హోల్డింగ్ (చెప్పినచోట చుట్లు కొడుతూ ఆగడం), కోర్సు (నిర్ణీత దారి) పట్టుకుని దాని మీద సాగడం చేసుండాలి. అసలు మబ్బులో చేసినా సరే, బయట కనబడకుండా తలకి హుడ్ పెట్టుకుని చేసినా సరే. లేదంటే ఐఎఫ్‌ఆర్‌లో, అంటే పరికరాల మీద ఎగిరే నియమాల కింద, పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానానికి బాధ్యుడిగా) ఎగరకూడదు.

లెక్కల్లో దిట్టలమనుకునే మనవాళ్లు మొదట తప్పేది ఈ లెక్కలోనే. జనవరి 3న ఆరూ చేశావనుకో, జూలై 3తో అయిపోయిందని కంగారుపడి డబ్బు తగలేస్తారు. జూలై 31 దాకా చెల్లుతాయి. నెలాఖరులో కాకుండా నెల మొదట్లో ప్రాక్టీసు పెట్టుకుంటే అదే ఖర్చుకి ఎక్కువ రోజులు కలిసొస్తుంది. ట్రైనింగ్‌లో హుడ్ కింద చేసినవీ లెక్కకొస్తాయి.

టెక్సస్ ఎండాకాలంలో నీకు పనికొచ్చే మబ్బు అరుదు. ఉంటే ఉరుముల మబ్బు, దాని జోలికి పోకూడదు. చలికాలంలో మబ్బు కిందికి దిగితే మంచు పేరుకునే భయం. కాబట్టి హుడ్డే గతి, పక్కన నీ బదులు బయట చూసే సేఫ్టీ పైలట్ ఉండాలి. అతనికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అక్కర్లేదు. కనీసం ప్రైవేట్ పైలట్ అయి, ఆ విమానపు కేటగిరీ, క్లాసుకి (ఏ రకం విమానం, ఎన్ని ఇంజిన్లు) అనుమతి ఉండి, మెడికల్ చెల్లుబాటులో ఉంటే చాలు. ఇక్కడే డబ్బు మిగిలేది. నీలాంటివాణ్ణే మరొకణ్ణి పట్టుకో. వెళ్లేటప్పుడు నువ్వు హుడ్ కింద, వచ్చేటప్పుడు అతను. అద్దె చెరిసగం. సెస్నా 172 అద్దె చాలాచోట్ల గంటకు 150 డాలర్లు దాటిపోయింది, ఒక్కడివే మోస్తే ఏడాది తిరిగేసరికి నీ కారు ఈఎంఐ గుర్తొస్తుంది. ఎవరు పైలట్ ఇన్ కమాండో ఇంజిన్ వేయకముందే మాట్లాడుకోండి. అద్దెకిచ్చినవాళ్ల ఇన్సూరెన్సు అతన్ని ఒప్పుకుంటుందో లేదో కూడా అప్పుడే అడగాలి.

పదిపదిహేను మైళ్లలో రెండుమూడు రకాల అప్రోచ్‌లున్న ఎయిర్‌పోర్టు ఎంచుకో. ఒక ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో దిగేది), ఒక ఆర్‌నావ్ (జీపీఎస్‌తో దిగేది), దిగకుండా మళ్లీ పైకి లేచాక చార్టులో ప్రచురించిన హోల్డ్‌లోకి వెళ్లి ఒక చుట్టు, మళ్లీ ఇంకో అప్రోచ్. హోల్డ్ చుట్లు ఎన్నని రూలు చెప్పదు. హుడ్ కింద చేసే సిమ్యులేటెడ్ అప్రోచ్ అయితే డీఏ లేదా ఎండీఏ (రన్‌వే కనబడకపోతే అంతకు కిందికి దిగకూడని ఎత్తు) దాకా దిగాలి. పైనే హుడ్ తీసేస్తే అది లెక్కలోకి రాదు, అద్దె లెక్కించే హాబ్స్ మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. లాగ్‌బుక్‌లో "3 అప్రోచ్‌లు" అని గీకిపెడితే చాలదు. ఒక్కోటి ఎక్కడ, ఏ రకం, సేఫ్టీ పైలట్ పేరు ఏంటి, అన్నీ ఉండాలి.

ఇంకా చవక కావాలంటే ఎఫ్‌ఏఏ ఆమోదమున్న సిమ్యులేటర్, ఏఏటీడీ అంటారు. 2018లో నియమాలు మారాక ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేకుండానే ఆరు అప్రోచ్‌లూ అందులో చేసుకోవచ్చు. యంత్రానికిచ్చిన ఆథరైజేషన్ లెటర్ గడువు చూసి, ఒక కాపీ తెచ్చుకుని దాచు. ఇంట్లో కంప్యూటర్ మీద ఆడే ఆట దీనికి చెల్లదు, అడక్కముందే చెబుతున్నా. అన్నీ అందులోనే కానిస్తే మబ్బులోకి వెళ్లినరోజు చెయ్యి తడబడుతుంది, అందుకే నాలుగు అక్కడ, రెండు విమానంలో అని పెట్టుకో.

జూలై 31తో గడువు దాటిందనుకో. ఆకాశం అద్దంలా ఉంది కదా అని ఐఎఫ్‌ఆర్ ప్లాన్ ఫైల్ చేసే బుద్ధిమంతులుంటారు. అదీ ఐఎఫ్‌ఆరే, కూడదు. వీఎఫ్‌ఆర్‌లో (బయట చూస్తూ ఎగిరే నియమాలతో) వెళ్లి కంట్రోలర్ని "ప్రాక్టీస్ అప్రోచ్" అని అడుగు. సేఫ్టీ పైలట్‌తోనో సిమ్యులేటర్‌లోనో కొరతపడినవి పూర్తిచేసుకోవడానికి జనవరి 31 దాకా సమయముంది. ఫిబ్రవరి 1 నుంచి ఆ దారి మూసుకుంటుంది. అప్పుడిక ఇన్‌స్ట్రక్టర్ ముందు చేసి చూపించే ఐపీసీ అనే ప్రొఫిషియెన్సీ చెక్ ఒక్కటే మార్గం.

నీ డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఐపీసీకే. దీనికి గంటల లెక్క లేదు, ఇన్‌స్ట్రక్టర్ తృప్తిపడేదాకా. హోల్డింగ్, అదుపు తప్పిన భంగిమలనుంచి తేరుకోవడం, ప్రెసిషన్ అప్రోచ్ (దిగే వాలు కూడా చూపేది), నాన్‌ప్రెసిషన్ అప్రోచ్ (అది చూపనిది), ముఖ్యమైన పరికరాలు పోయినట్టుగా ఒకటి, ఆపైన సర్క్లింగ్ (ఎయిర్‌పోర్టు చుట్టూ తిరిగి రన్‌వే మీదికి రావడం), లాండింగ్. సర్క్లింగ్, లాండింగ్ ఏఏటీడీలో కుదరవు, మిగతావి చాలామటుకు అక్కడే కానిచ్చేయొచ్చు. వెళ్లేముందు హుడ్ కింద చెయ్యి సాఫు చేసుకుని వెళ్లు. ఇన్‌స్ట్రక్టర్ గంటకి పాత పాఠం మళ్లీ చెప్పించుకోవడం కంటే దండగ లేదు. రెండేళ్లకోసారి వచ్చే ఫ్లైట్ రివ్యూ కూడా దగ్గరపడితే రెండూ ఒకేరోజు చేయించుకుంటానని ముందే చెప్పు. ఐపీసీ చేసినంత మాత్రాన రివ్యూ దానంతటదే అయిపోదు. ఒక గంట నేల మీద రూల్స్ చర్చ, ఒక గంట ఎగరడం ఉండాలి, ఎండార్స్‌మెంట్లు రెండూ విడివిడిగా రాయించుకోవాలి. సంతకాలు రెండూ లాగ్‌బుక్‌లో పడ్డాకే కార్డు గీకు.