సరస్సు ఒడ్డున ఫ్రాగ్మైటిస్‌ని శాటిలైట్ చిత్రాల్లో ఎలా పట్టుకోవాలి?

మిషిగన్‌లో హ్యూరాన్ సరస్సులోని సాగినా బే ఒడ్డున పెరిగిన ఫ్రాగ్మైటిస్ అనే ఎత్తయిన నీటిగడ్డిని మ్యాప్ చేయాలి, ఏ అల్గారిదం మంచిది అని అడిగారు. నేను అక్కడే రెండు సీజన్లు ఈ పని చేశాను. అల్గారిదం సంగతి తర్వాత, ముందు మీ చిత్రం ఏ తేదీదో చూసుకోండి.

మాది కొల్లేరు పక్క ఊరు. కిక్కిస ఏదో జమ్ము ఏదో మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా గట్టు మీద నుంచే చెప్పేస్తారు. ఫ్రాగ్మైటిస్ అంటే కిక్కిసకి దాయాదే కదా అన్న ధీమాతోనే బోల్తా పడ్డాను. జూలై నాటి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం మీద రాండమ్ ఫారెస్ట్ అనే వర్గీకరణ అల్గారిదం నడిపి, అంతా ఫ్రాగ్మైటిసే అని ఒడ్డు పొడుగునా ఎర్రరంగు పూసేశాను. గమ్‌బూట్లు వేసుకుని దిగి చూస్తే అందులో చాలా భాగం జమ్మే! నడివేసవిలో రెండూ పచ్చగానే ఉంటాయి, 10 మీటర్ల పిక్సెల్‌కి ఏం తేడా తెలుస్తుంది?

అక్టోబర్ చివరి చిత్రం తెచ్చుకోండి. అప్పటికి జమ్ము ఎండి గోధుమరంగుకి తిరుగుతుంది, యూరప్ నుంచి వచ్చిన ఫ్రాగ్మైటిస్ మాత్రం ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది. ఆ రోజుల్లో మబ్బులు వదలవు, అదొక తలనొప్పి. రాడార్‌కి ఆ బాధ లేదు. మిషిగన్ టెక్ యూనివర్సిటీ వాళ్ళు 2008–10 మధ్య మూడు సీజన్లలో జపాన్ ఉపగ్రహం మీది పాల్సార్ రాడార్ తీసిన చిత్రాలతోనే అమెరికా వైపు గ్రేట్ లేక్స్ తీరమంతా మ్యాప్ చేశారు. దాని 23 సెం.మీ. తరంగం ఆకుల్ని దాటుకుని లోపలికి వెళ్ళి, కాడకీ నీళ్ళకీ తగిలి వెనక్కొస్తుంది.

ఏ చిత్రమూ చెప్పలేనిది ఒకటుంది. అక్కడ స్థానిక ఫ్రాగ్మైటిస్ కూడా ఉంది, దాన్ని చంపకూడదు. మీ మ్యాప్ పట్టుకుని, బయటి నుంచి వచ్చినదాన్ని చంపడానికి మందు కొట్టేవాళ్ళు వస్తారని గుర్తుంచుకోండి. కాడ అడుగున ఎర్రగా, నున్నగా ఉండి, ఆకు తొడుగు లాగగానే ఊడొస్తే అది స్థానికం. బయటి నుంచి వచ్చినదాని కాడ గోధుమరంగులో ఉంటుంది, ఎండినా తొడుగు కాడని వదలదు. నేను ప్రతి గుబురులో నాలుగైదు కాడలు గోరుతో ఒలిచి చూసేవాణ్ణి.

పాత ఫీల్డ్ పాయింట్లు, అంటే నేల మీద దిగి ఏ మొక్కో చూసి గుర్తుపెట్టిన చోట్లు, ఎవరైనా ఇస్తే ఏ సంవత్సరానివో అడగండి. 2013 జనవరిలో నీటిమట్టం రికార్డు స్థాయికి పడిపోయింది, బయటపడ్డ మట్టిలోకి ఫ్రాగ్మైటిస్ పాకింది. 2019–20లో నీళ్ళు బాగా పైకొచ్చాయి. ఒడ్డే మారిపోయింది.

లోపలికి ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. 4 మీటర్ల గడ్డిలో పదడుగులు వేస్తే ఎటు నుంచి వచ్చామో తెలీదు. నేను పొడవాటి వెదురుకి ఎర్రగుడ్డ కట్టి ఒడ్డున పాతి దిగేవాణ్ణి.