లాంగ్ టర్మా, న్యూట్రిషనా? ముందు అమ్మాయి పళ్ళెం చూడండి

ప్రశ్న: మాది విజయవాడ పటమట. మా అమ్మాయికి 18 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు. హాస్టల్లో ఉండి నీట్ లాంగ్ టర్మ్ చేసింది, సీటు రాలేదు. ఏడాదిలో 54 కిలోల నుంచి 41కి తగ్గింది. నాలుగు నెలలుగా నెలసరి లేదు. తినమంటే కడుపు ఉబ్బరం అంటుంది. ఇంట్లో అందరికీ వండిపెడుతుంది, తను తినదు. ఇప్పుడు న్యూట్రిషన్ కోర్సు చేస్తానంటోంది. మళ్ళీ లాంగ్ టర్మ్ మంచిదా, ఆ కోర్సా?

జవాబు: అమ్మా, ఏ కోర్సని అడిగారు గానీ, 13 కిలోలు తగ్గిన పిల్లను డాక్టరుకు చూపించారో లేదో రాయలేదు. కోర్సు సంగతి ఆరు నెలలు ఆగినా కొంపలు మునగవు. నీట్‌కు గరిష్ఠ వయసు లేదు, ఇన్నిసార్లే రాయాలన్న లెక్కా లేదు. ఆగిపోయిన నెలసరికి మాత్రం అంత వ్యవధి ఇవ్వకండి.

తేల్చాల్సింది డాక్టరే అయినా, మీరు రాసిన లక్షణాలు అనోరెక్సియా, అంటే లావైపోతానన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు, వైపే చూపిస్తున్నాయి. ఆ భయం బయటపెట్టకుండా ఉబ్బరం, ఆకలి లేదు అనే ఆడపిల్లలు మన దగ్గర చాలామందే ఉంటారు. గ్యాస్ మాత్రలతో నెలలు గడిచిపోతాయి. ఆ ఉబ్బరం అబద్ధం కాదు, తిండి బాగా తగ్గితే పొట్ట ఖాళీ అవడమూ నెమ్మదిస్తుంది.

దీన్ని మొండితనం అనుకోకండి. స్వతహాగా ఆందోళన, ప్రతిదీ తప్పులేకుండా చేయాలన్న పట్టుదల ఉన్న పిల్లలకు తిండి తగ్గించినప్పుడు మనసు కాస్త కుదుటపడినట్టుంటుంది. మొదట తనే ఎంచుకుని మానేస్తుంది. పోనుపోను అలవాట్లను నడిపే డోర్సల్ స్ట్రయేటమ్ అనే మెదడు భాగం పెత్తనం తీసుకుంటుంది. కడుపు కబుర్లు అందించే ఇన్సులా అనే మెదడు భాగం కూడా గాడి తప్పుతుంది. ఇక బతిమాలినా, తిట్టినా ముద్ద దిగదు. కవలల మీద జరిగిన పరిశోధనల్లో వంశపారంపర్యానికి సగం దాకా పాత్ర ఉందని తేలింది. కాబట్టి మీ పెంపకం వల్లే వచ్చిందని కుమిలిపోకండి.

అయితే నిప్పు రాజేసేవి మన చుట్టూనే ఉన్నాయి. కోచింగ్‌లో వారం వారం గోడకెక్కే ర్యాంకుల జాబితా తన చేతిలో లేదు, పళ్ళెం ఉంది. నిన్న బొద్దుగా ఉందన్న చుట్టాలే ఇవాళ పెళ్ళిలో సన్నబడి ఎంత బాగుందో అంటారు. మీరూ మురిసిపోయే ఉంటారు. ఇకమీదట ఆమె ఒంటి గురించి, మెచ్చుకోలుగానైనా, మీ ఇంట్లో ఒక్క మాట వినపడకూడదు.

న్యూట్రిషన్ మీద ఈ ఇష్టాన్ని నేను ఇప్పుడే నమ్మను. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టి చూశారు. అంతకుముందు వంటంటే పట్టనివాళ్లు కూడా వంట పుస్తకాలు చదువుతూ, వంటకాలు రాసుకుంటూ కూర్చున్నారు. ఆకలితో ఉన్న మెదడుకు తిండి తప్ప వేరే ధ్యాస ఉండదు. పైగా కేలరీలు లెక్కపెట్టే చదువు ఈ జబ్బుకు కొత్త సాకులు అందిస్తుంది. రీల్స్ చూసి ఈ కోర్సు వైపు పరుగెత్తే పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి: పెద్దాసుపత్రిలో డైటీషియన్‌గా నిలబడాలంటే డిగ్రీ చాలదు. పీజీ, ఇంటర్న్‌షిప్, ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష దాటాలి. ఆన్‌లైన్, దూరవిద్య పద్ధతుల్లో ఈ డిగ్రీలను యూజీసీ 2025 జూలై నుంచి ఆపేసింది.

హాస్టల్ లాంగ్ టర్మ్ ఈ ఏడాదికి వద్దే వద్దు. మెస్సులో ఆమె పక్కన కూర్చుని తినిపించేదెవరు?

ఈ వారమే విజయవాడ లేదా గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో గానీ, మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లండి. పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు నాడి, బీపీ చూడమనండి. ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం పరీక్షలు అడగండి. రిపోర్టులు నార్మల్ అని ఊరుకోకండి, ఈ జబ్బులో చివరిదాకా బాగానే ఉండొచ్చు. నాడి 50 లోపు ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయినా నేరుగా క్యాజువాలిటీకే. ఈలోపు మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది.

ఇంట్లో ఒక్కసారిగా కుక్కి పెట్టకండి. ఎక్కువకాలం పస్తులున్న ఒంట్లో ఒకేసారి తిండి పడితే రక్తంలోని ఫాస్ఫరస్ హఠాత్తుగా పడిపోయి గుండెకే ముప్పు. డాక్టరు చెప్పిన కొలతతో మొదలుపెట్టి మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. వడ్డించేది మీరు, పక్కన కూర్చునేది మీరో వాళ్ల నాన్నో. పళ్ళెం దగ్గర చదువు మాటలొద్దు. ఈ పద్ధతికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. కోలుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, చిన్న వయసులో మొదలుపెడితే ఫలితం ఇంకా మెరుగు.

బరువు, నెలసరి కుదుటపడి డాక్టరు సరేనన్నాక అమ్మాయినే మళ్ళీ అడగండి. అప్పటికీ న్యూట్రిషనే అంటే గుంటూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపే నాలుగేళ్ల కమ్యూనిటీ సైన్స్ (పాత పేరు హోమ్ సైన్స్, న్యూట్రిషన్ అందులో భాగం) డిగ్రీ చూపించండి, ఇంటి నుంచి దగ్గరే.