కచేరీ ముగిసేసరికి మీ గది ఎంత దూరం?

ప్రశ్న: మాది కావలి. డిసెంబరు 26 నుంచి మూడు రాత్రులు చెన్నైలో ఉండి సంగీతోత్సవాలు వినాలనుకుంటున్నాం. నేను, మా అమ్మ, సంగీతం నేర్చుకుంటున్న పన్నెండేళ్ళ మా అమ్మాయి వెళ్తాం. అమ్మకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అంబత్తూరులో ఉన్న మా పెద్దమ్మ కూతురు తన ఇంట్లోనే దిగమని పట్టుబడుతోంది. సెంట్రల్ స్టేషను దగ్గర చవకగా లాడ్జీలు దొరుకుతాయని మావారు అంటున్నారు. ఎక్కడ దిగమంటారు? ఊళ్ళో ఎలా తిరగాలి?

జవాబు: మీ అక్కయ్య నొచ్చుకున్నా సరే, అంబత్తూరు వద్దు. మీవారి మాట కూడా వినకండి.

సాయంత్రపు పెద్ద కచేరీలు ఆరున్నర, ఏడు మధ్య మొదలై తొమ్మిది దాటాక ముగుస్తాయి. మంగళం పాడి, జనం చప్పట్లు కొట్టి, మీ అమ్మగారు నెమ్మదిగా మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి ఎంత లేదన్నా తొమ్మిదిన్నర. అక్కడి నుంచి నగరానికి పడమటి కొసన ఉన్న అంబత్తూరు చేరేదెప్పుడు? అక్కడ మీ అక్కయ్య అన్నం వండుకుని, తాను తినకుండా కూర్చుని ఉంటుంది. మరునాడు మీకే మొహమాటం వేసి సాయంత్రం కచేరీ మానేస్తారు. చుట్టాలింట్లో దిగి మూడు సాయంత్రాలూ పూర్తిగా విన్నవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

సెంట్రల్ దగ్గర లాడ్జి సంగతి నాకు స్వానుభవం. నెల్లూరు మూలాపేట నుంచి నేనూ మావారూ మొదటిసారి వెళ్ళినప్పుడు అద్దె సగానికి సగం కలిసొస్తుందని అక్కడే దిగాం. పదింటికి కింద షట్టరు దించేస్తామని గుమాస్తా ముందే చెప్పాడు. అంతే, ఆ సాయంత్రమంతా నా చూపు గడియారం మీదే. గాయకుడు కాంభోజి రాగం ఆలాపన ఎత్తుకుంటే, ఇది ఎంతసేపు సాగుతుందో అని లెక్క వేసుకున్నాను. తని ఆవర్తనం, అంటే మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం, మొదలవగానే వంగి వంగి వరుస దాటుకుంటూ బయటికి వచ్చేశాం. మృదంగం వాయిస్తున్న పెద్దాయన తలెత్తి సరిగ్గా మావైపే చూశారు. క్యాంటీన్‌కు పోతున్నామనుకుని ఉంటారు. తని వస్తే కాఫీకి లేచేవాళ్ళు అక్కడ నేటికీ తక్కువేమీ లేరు. లాడ్జి చేరేసరికి ఇంకా పదికి ఐదు నిమిషాలుంది. దాంతో బాధ రెట్టింపైంది.

అందుకే నేను మొదట సభను, అంటే కచేరీలు పెట్టే సంస్థను, ఎంచుకుని ఆ తర్వాతే గది చూస్తాను. మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ రెండూ టీటీకే రోడ్డు మీదే ఉన్నాయి. వాటి కోసమైతే ఆళ్వార్‌పేట, రాయపేట, మైలాపూరుల్లో గది చూడండి. వాణీ మహల్, కృష్ణ గాన సభ కావాలంటే టి.నగర్. అక్కడ గదులు ఎక్కువే గానీ చీరల దుకాణాలు కూడా ఎక్కువ. కచేరీలకని బయలుదేరి పట్టుచీరల దగ్గర తేలినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఒకే సాయంత్రం రెండు పేటల్లో రెండు కచేరీలు మాత్రం పెట్టుకోకండి. మెట్రో రెండో దశ తవ్వకాలతో మైలాపూరు లజ్ ప్రాంతంలో దారి మళ్ళింపులు పెరిగాయి.

గదికి ఫోను చేసినప్పుడు లిఫ్టు ఉందా, గది దాకా మెట్లెన్ని, మరుగుదొడ్డి కూర్చునే రకమేనా అని అడగండి. రాత్రి గేటు ఎప్పుడు మూస్తారో కూడా అడగండి, పైన చెప్పిన కారణానికి. 24 గంటల లెక్కా, లేక మధ్యాహ్నం 12కు ఖాళీ చేయాలా అన్నది తేల్చుకోండి. 12 అయితే ఆఖరి రోజు సామాను దగ్గర పెట్టుకుంటారేమో కనుక్కోండి. రద్దు చేస్తే డబ్బు తిరిగిచ్చే చోటే తీసుకోండి, పది రూపాయలు ఎక్కువైనా. డిసెంబరంటే మనకు తుఫానుల నెల. 2023లో మిచాంగ్ వచ్చినప్పుడు నెల్లూరు, చెన్నైల మధ్య ఎన్ని రైళ్ళు ఆగిపోయాయో మీకు తెలియనిది కాదు.

రైలుకు పినాకిని మీకు నప్పుతుంది. కావలిలో ఆగుతుంది, మధ్యాహ్నానికి సెంట్రల్ చేరుస్తుంది, గదిలో కాసేపు నడుం వాల్చి కచేరీకి వెళ్ళవచ్చు. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కనుక 26వ తేదీ టికెట్టుకు అక్టోబరు 27 ఉదయం 8 గంటలకే కూర్చోండి. అయ్యప్ప భక్తుల రద్దీ కూడా అప్పుడే. బస్సులో వెళ్తే మాధవరంలో దింపుతారు. అది ఊరికి ఉత్తరాన ఉంది, మైలాపూరు చేరడానికి మళ్ళీ ఊరంతా దాటాలి. సెంట్రల్ ఎదుట పార్క్ టౌన్ నుంచి మైలాపూరులోని తిరుమయిలై స్టేషనుకు లోకల్ రైలుంది, చవకే. కానీ దిగే స్టేషను ఎత్తు మీద ఉంటుంది. పెట్టెలతో, మోకాళ్ళ నొప్పులతో ఆ సాహసం వద్దు, స్టేషనులోని ప్రీపెయిడ్ ఆటో తీసుకోండి. మరునాడు కపాలీశ్వరుడి గుడికి మీరూ అమ్మాయీ సరదాగా లోకల్‌లో తిరగవచ్చు.

ఇక పగటి వేళలు. మీ అమ్మాయికి అసలు లాభం అక్కడే. చాలా సభల్లో మధ్యాహ్నాలు కుర్రకారు పాడతారు, ప్రవేశం ఉచితం. తనకంటే నాలుగేళ్ళు పెద్దదైన పిల్ల వేదిక మీద తడబడి, మళ్ళీ సర్దుకుని పాడడం చూస్తే ఆరు నెలల సాధన తనంతట తానే చేస్తుంది. సాయంత్రం టికెట్టు మాత్రం అమ్మగారి కోసం కింది అంతస్తులోదే కొనండి. బాల్కనీ చవకే గానీ మెట్లెక్కాలి. హాల్లో ఏసీ చలికి శాలువా మరవకండి.

అక్కయ్య సంగతి: 27 మధ్యాహ్నం ఆమెనే సభ క్యాంటీన్‌కు భోజనానికి పిలవండి. అంబత్తూరు నుంచి సెంట్రల్‌కు లోకల్ రైళ్ళున్నాయి. అరటి ఆకులో సాంబారు, పాయసం పడ్డాక ఏ చుట్టానికీ కోపం నిలవదు. భోజనం డబ్బు మీరే ఇవ్వండి.

ప్రశ్న: సూళ్ళూరుపేట నుంచి లోకల్ రైల్లో వెళ్ళి అదే రోజు తిరిగి రావచ్చా?

జవాబు: మధ్యాహ్నం కచేరీలకైతే హాయిగా. రెండు విని, క్యాంటీన్‌లో టిఫిన్ చేసి చీకటి పడేసరికి రైలెక్కండి. సాయంత్రం పెద్ద కచేరీ పెట్టుకుంటే మాత్రం ఆఖరి లోకల్ వేళ కోసం నాలాగే గడియారం చూస్తారు.

ప్రశ్న: మాది కంభం. త్యాగరాజస్వామి పూర్వీకులది మా దగ్గరి కాకర్ల అంటారు. చెన్నై కంటే తిరువాయూరు ఆరాధనకే వెళ్ళాలని ఉంది. ఎక్కడ దిగాలి?

జవాబు: ఆయన ఇంటిపేరే కాకర్ల కదా, మీకు హక్కుంది. ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు, ఏటా జనవరిలో కాస్త అటూ ఇటూగా వస్తుంది. కాబట్టి ముందు పంచాంగం చూసి, తర్వాత టికెట్టు కొనండి. తిరువాయూరులో గదుల కోసం వెతుక్కోకండి, 13 కిలోమీటర్ల దూరంలోని తంజావూరులో దిగండి. ఒంగోలు వచ్చి రైలెక్కి, చెన్నైలో మారండి. త్యాగరాజు పంచరత్న కృతులను అందరూ కలిసి పాడే గోష్ఠి ఉదయమే కనుక ముందు రోజు రాత్రికే తంజావూరు చేరి, తెల్లవారుజామున వచ్చేలా ఆటో అబ్బాయికి చెప్పి పడుకోండి. కావేరి ఒడ్డున ఇసుకలో కూర్చోవాలి, ఒక పాత దుప్పటి వెంట ఉంచుకోండి.