ఎయిడ్స్ అవగాహనలో కళాకారుల పని ఏమిటి? దోమ వేషం వేసినవాడి జవాబు

"హెచ్‌ఐవీ, ఎయిడ్స్ గురించి జనానికి చెప్పడంలో కళాకారులు నిజంగా చేసిందేమైనా ఉందా, లేక డిసెంబర్ 1న ఎయిడ్స్ దినం ర్యాలీలో ముందు వరసలో నడవడమేనా?" అని అడిగారు. ర్యాలీల సంగతి నడిచినవాళ్లను అడగండి. నేను హైదరాబాద్‌లో ఒక బుర్రకథ దళంలో చాలాకాలం హాస్యం చెప్పాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఉంది. డాక్టర్లు, పోస్టర్లు చేయలేని పని ఒకటి కళాకారులు చేశారు.

2004 ఏప్రిల్‌లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి కాబట్టి, ఆ రోజుల్లో కళాజాతలకు గిరాకీ బాగా ఉండేది. మమ్మల్నీ ఒక సంస్థ పిలిచింది. స్క్రిప్టు వాళ్లదే. హెచ్‌ఐవీ ఎలా వస్తుంది, ఎలా రాదు అని వరసగా రాసిన సర్క్యులర్. దాన్ని తంబూర మీద పాడితే వంత పలకడానికి నాకే నిద్ర వచ్చేది.

ఒక సాయంత్రం వనస్థలిపురం దగ్గర ఆటోనగర్‌లో, లారీలు ఆగేచోట ఆట పెట్టారు. డ్రైవర్లు, క్లీనర్లు లారీల పక్కనే కిరోసిన్ స్టవ్‌ల మీద అన్నం వండుకుంటున్నారు. మేం గజ్జెలు కట్టుకుని నిలబడితే, ఏదో పార్టీ వాళ్లు వచ్చారనుకుని ఒకరిద్దరు అటు తిరిగి కూర్చున్నారు. కథకుడు "తందాన తాన" ఎత్తుకున్నాడు. ఎయిడ్స్ అన్న మాట వినబడగానే ముందున్న నలుగురూ లేచి టీ కొట్టు వైపు నడిచారు. వాళ్లను ఆపడం హాస్యగాడి డ్యూటీ. భుజం మీది తువ్వాలు తీసి నెత్తిన కొంగులా కప్పుకున్నాను. డక్కీ కింద పెట్టి, ముక్కుతో జుయ్యిమంటూ వాళ్ల వెంటపడ్డాను.

"ఏందిరా అయ్యా, దోమ కుడితే ఎయిడ్స్ వస్తదని నా మీద ఎవడు పుకారు లేపిండు? మా అక్క మలేరియా పంచుతది, మా చెల్లె డెంగీ పంచుతది, ఒప్పుకుంటా. మా ఇంట్ల మొగోళ్లు రక్తం ముట్టనే ముట్టరు, కుట్టేది ఆడోళ్లమే. గీ రోగం మాత్రం నా నెత్తిన పెట్టకుండ్రి. ఆ పురుగు నా కడుపులకు పోతే అరిగిపోతది. మీ మొగోళ్లు చేసిన పనికి నేనెందుకు బద్నాం కావాలె?"

నవ్వారు. టీ కొట్టుకు పోయినవాళ్లు గ్లాసులతో సహా వెనక్కి వచ్చారు. ఒక క్లీనర్ కుర్రాడు నన్ను చప్పట్లు కొట్టి చంపబోయాడు, నేను తప్పించుకున్నాను. ఆ గొడవలోనే మా కథకుడు తెలివిగా కండోమ్ సంగతి, పరీక్ష సంగతి చెప్పేశాడు. స్క్రిప్టులో ఉన్నదే, కాకపోతే దోమకూ క్లీనర్‌కూ జరిగిన తగాదాలా వచ్చింది. సంస్థ తరఫున వచ్చిన అబ్బాయి మాత్రం కాగితం చూసుకుంటూ, ఇది రాసి లేదే అని టెన్షన్ పడ్డాడు.

అసలు పని ఆట అయ్యాక జరిగింది. గజ్జెలు విప్పుతుంటే నడివయసు డ్రైవర్ ఒకాయన వచ్చి బీడీ ముట్టించాడు. "తమ్మీ, దోమ సంగతి మంచిగ చెప్పినవ్. మంగలి షాపుల బ్లేడు సంగతేంది?" అన్నాడు. కొత్త బ్లేడు వేయించుకో అన్నా, చాలు అన్నాను. ఒక్క గ్లాసుల నీళ్లు తాగితే? ఏం కాదన్నాను. కాసేపు డీజిల్ ధర తిట్టాడు. ఆ తర్వాత నా వైపు చూడకుండా, "మా దోస్తు ఒకడున్నడు. మందులు నిజంగా పైసల్లేకుండ ఇస్తరా? పేరు బయట పెడ్తరా?" అని అడిగాడు. దోస్తు ఎవరో నేను అడగలేదు. ఉస్మానియాకు పొమ్మను, పరీక్ష ఊరికే చేస్తారు, పేరు బయటికి రాదు, మందులకు పైసా తీసుకోరు అని చెప్పాను. తలూపి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఇంటిదానికి ఎట్ల చెప్పాల్నో గది గూడ కథల పెట్టుండ్రి" అన్నాడు.

ఆ ముక్క ఏ స్క్రిప్టులోనూ లేదు. మర్నాటి నుంచి మా కథలో భార్య పాత్ర వచ్చింది. ఆమెకూ పరీక్ష చేయించడం, కడుపుతో ఉంటే మందులు వాడితే బిడ్డకు సోకే అవకాశం చాలా తగ్గుతుందన్న మాట, అన్నీ ఆమె నోటివెంటే చెప్పించాం. నా లెక్కలో కళాకారుడి పాత్ర అంటే ఇదే. సమాచారం కరపత్రంలోనూ ఉంటుంది. కానీ కరపత్రం దగ్గరికి వచ్చి ఎవడూ "మా దోస్తు ఒకడున్నడు" అనడు. ఇప్పుడు హెచ్‌ఐవీ సందేహాలు అడగడానికి 1097 హెల్ప్‌లైన్ ఉంది, మంచిదే. అక్కడికి ఫోన్ చేయడానికైనా ముందు సిగ్గు కాస్త సడలాలి.

అందుకే అప్పటి ఎయిడ్స్ ప్రచారంలో పెట్టిన 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' హోర్డింగులను తిట్టేవాళ్లతో నేను ఒప్పుకోను. వెకిలిగా ఉందన్నారు, రాజా అని పేరున్నవాళ్లు పాపం నవ్వులపాలయ్యారు, నిజమే. అయినా మెహిదీపట్నం బస్సులో ఎయిడ్స్ అన్న మాట గట్టిగా పలికింది ఆ హోర్డింగ్ వచ్చాకే. వంద సదస్సులు చేయని పని అది చేసింది. నన్నడిగితే పుర్రె బొమ్మ గీసి 'ఎయిడ్స్ అంటే మరణమే' అని రాసిన గోడలే నష్టం చేశాయి. చావు ఖాయమని గోడ మీద చదివినవాడు పరీక్షకు ఎందుకు పోతాడు?

మన సినిమాలదీ అదే వరస. హెచ్‌ఐవీ ఉన్న పాత్ర క్లైమాక్స్‌లోగా దగ్గి దగ్గి పోవాలి, లేదా హీరో స్నేహితుడికి బుద్ధి చెప్పడానికి రావాలి. బయట కాలం మారిపోయింది. రోజూ మందు వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి అలాగే ఉన్నవాళ్ల నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదంటూ 2017లో చట్టం వచ్చింది. ఇవేవీ మన రచయితల చెవిన పడలేదు.

అందరూ చొక్కాకు పెట్టుకునే ఎర్ర రిబ్బన్ ఉంది కదా, దాన్ని తయారుచేసింది కూడా అధికారులు కాదు. 1991లో న్యూయార్క్‌లో కొందరు కళాకారులు కూర్చుని చేశారు, ఎవరైనా వాడుకోమని వదిలేశారు. 1987లో వాషింగ్టన్‌లో పరిచిన ఎయిడ్స్ బొంతలో చనిపోయినవాళ్ల పేర్లు కుట్టిన ముక్కలు 1,920. ఒక్కో ముక్క సమాధి కొలతతో, మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. కుట్టినవాళ్లలో చాలామంది తమ మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లే. అమెరికా చిత్రకారుడు కీత్ హేరింగ్ అయితే తనకే జబ్బు ఉందని తెలిశాక ఎయిడ్స్ మీద బొమ్మలు వేసి, 1990లో ముప్పై ఒక్క ఏళ్లకే పోయాడు. మన దగ్గర సెలబ్రిటీ నెక్లెస్ రోడ్‌లో జెండా ఊపి, సెల్ఫీ అయ్యాక కారెక్కుతాడు. ఆయనకు ముందే డబ్బు ముడుతుందని విన్నాను, నిజమో కాదో. మాకు మాత్రం ఆటోనగర్ ఆట బిల్లు వచ్చేసరికి పండగ దాటిపోయింది, అదీ కోతలు పోగా.

నా దగ్గర ఒక కొత్త కథ రాసి ఉంది. అందులో హెచ్‌ఐవీ ఉన్నాయన కూకట్‌పల్లిలో ఆటో నడుపుతాడు, రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటాడు, కూతురి పెళ్లి ఖర్చు గురించి భార్యతో పోట్లాడతాడు. ఎవరూ చావరు. దోమ కూడా ఉంది. ఎవరైనా ఆట పెట్టిస్తే దళాన్ని నేను పోగుచేస్తాను. డబ్బులు మాత్రం ఆట రోజే ఇవ్వాలి.